లెక్కల ట్యాబ్‌కు కలమే కీలకం
ధర చూసి కొంటే డబ్బు దండగ

బాపట్ల: ఇంటర్‌లో ఎం.పి.సి. గ్రూపు తీసుకున్న పిల్లలు లెక్కలు చేసుకోవడానికి ట్యాబ్ కావాలని అడగడం పల్లెల్లోనూ మామూలైంది. పంట డబ్బులోంచో, అప్పు చేసో తల్లిదండ్రులు కొనిపెడుతున్నారు. అయితే తెర, ధర చూసేవారు కలం సంగతి పట్టించుకోవడం లేదు. దాంతో వేలు పోసి కొన్న ట్యాబ్ చివరకు సినిమాలు చూడటానికే మిగులుతోంది.

ఈ జిల్లాకు ట్యాబ్ కొత్త కాదు. 2022 డిసెంబరు 21న చుండూరు మండలం యడ్లపల్లిలోనే అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. ఆ విడతలో రాష్ట్రమంతటా పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షల పైచిలుకు ట్యాబ్‌లు అందాయి. వాటి తెర 8.7 అంగుళాలు. పాఠం చూడటానికి అవి సరిపోతాయి గాని, కలంతో లెక్క చేయడానికి ఉద్దేశించినవి కావు. మామూలు ఎ-4 కాగితంతో పోలిస్తే ఆ తెర మూడో వంతే. వేలితో భిన్నం రాస్తే హారం వచ్చి లవం మీదికెక్కుతుంది.

రెండు రకాల కలాలు

బజారులో వంద, రెండు వందలకు దొరికే రబ్బరు మొన కలం వేలికి బదులు మాత్రమే. తెరకు వేలేదో కలమేదో తెలియదు. రాసేటప్పుడు అరచెయ్యి ఆనితే అక్కడా గీత పడుతుంది. చెయ్యి గాలిలో ఉంచి పేజీడు లెక్క చేయడం ఎవరి వల్లా కాదు.

రెండో రకం కలాన్ని గుర్తించే ఏర్పాటు ట్యాబ్‌లోనే ఉంటుంది. కలం రాస్తున్నంతసేపు అరచేతిని తెర లెక్కచేయదు. ఇందులో కొన్నిటికి ఛార్జింగ్ పెట్టాలి. శామ్‌సంగ్ ఎస్ పెన్ వంటివి రాయడానికి కావలసిన శక్తిని తెర నుంచే తీసుకుంటాయి. ఐప్యాడ్‌కు యాపిల్ పెన్సిల్ విడిగా కొనాలి. ఒక ట్యాబ్ కలం మరో ట్యాబ్‌పై పనిచేస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి ముందు కలం ఏదో తేల్చుకుని, దానికి తగిన ట్యాబ్ కొనడమే తెలివి.

నొక్కుడును బట్టి గీత లావు మారుతుందని, అందులో వేల స్థాయిలున్నాయని అంగళ్లలో చెబుతారు. అది బొమ్మలు వేసేవారికి కావలసినది. లెక్కలకు సన్నని గీత, ఆలస్యం లేని రాత, 10 అంగుళాలకు తగ్గని తెర ఉంటే చాలు.

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారికి మరో దారి ఉంది. తెర లేని రాత పలకను వైరుతో తగిలించుకోవచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట ఉంటుంది కనుక కొద్ది రోజుల సాధన అవసరం. ఇంటి నుంచి ట్యూషన్ చెప్పే మాస్టర్లకు ఇది అనువైనది.

కొనేముందు పరీక్ష

అంగడిలోనే అరచెయ్యి తెరపై పూర్తిగా ఆనించి, వర్గమూలం గుర్తు కింద ఒక చిన్న భిన్నం రాయించి చూడాలి. మచ్చలు పడినా, గీత కలం వెనకాల ఆలస్యంగా నడిచినా ఆ ట్యాబ్ వద్దనడమే మేలు. కలం మొన అరిగితే కొత్తది దొరుకుతుందో లేదో కూడా అడగాలి.

కాగా, ఇంటర్ పబ్లిక్ పరీక్ష రాసేది కాగితం మీదే. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష కంప్యూటర్ ముందు జరిగినా చిత్తు లెక్కలు కాగితం మీదే చేయాలి. ట్యాబ్ లేనంత మాత్రాన పిల్లవాడు వెనకబడడు. సందేహాలు మాస్టరుకు పంపడానికి, చేసిన లెక్కలు భద్రపరచడానికి అది సాయపడుతుందే తప్ప సాధనకు నోటు పుస్తకమే ఆధారం. అప్పు చేసి కొనేవారు ఈ మాట ఆలోచించాలి. ఇకముందు బడులకు ట్యాబ్‌లు ఇచ్చే పక్షంలో ప్రభుత్వం కూడా కలంతో రాసే వీలున్నవాటినే ఎంపిక చేయడం సమంజసం.