హాజరు పలకని పిల్ల

ఆ ఆల్బమ్ బడిగంటతో మొదలవుతుంది. ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తీసి ఒక్కొక్క పేరూ పిలుస్తాడు, పిల్లలు పలుకుతారు. లారిన్ హిల్ అన్న పేరు దగ్గర మాత్రం జవాబు రాదు. మళ్ళీ పిలుస్తాడు. నిశ్శబ్దం. ఆ పిల్ల ఆనాడు బడికి రాలేదు.

1998 ఆగస్టు 25న వెలువడిన 'ది మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్'ను ఎన్నిసార్లు విన్నా, నా మనసు ఆ నిశ్శబ్దం దగ్గరే ఆగిపోతుంది. అప్పటికామెకు 23 ఏళ్ళు. 1996లో 'ది స్కోర్'తో ప్రపంచమంతటా పేరు పొందిన ఫ్యూజీస్ అనే ముగ్గురి బృందం నుంచి విడివడి, ఒంటరిగా చేసిన తొలి ప్రయత్నమిది. పేరుకు మూలం నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్సన్ 1933లో ప్రచురించిన 'ది మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ ది నీగ్రో'. అమెరికా బడులు నల్లపిల్లలకు తమను తాము తక్కువగా చూసుకోవడం నేర్పుతున్నాయని ఆయన వాదించాడు. ఆయన ప్రశ్నను ఈమె ప్రేమ దాకా తీసుకువచ్చింది. పాటల నడుమ పిల్లలు ప్రేమంటే ఏమిటో తరగతిగదిలో చర్చించుకుంటూ ఉంటారు. వారి చేత మాట్లాడించిన రాస్ బరాకా, 2014లో న్యూజెర్సీలోని న్యూఆర్క్ నగరానికి మేయరయ్యాడు.

ర్యాప్ అనగానే పెదవి విరిచే సాహితీమిత్రులు నాకు కొందరున్నారు. అది వట్టి వాగుడంటారు. తాళం తప్పకుండా మాటను నడిపించడం, ప్రాసను ఎదురుచూడని చోట దించడం, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పాదంలోనే నిర్ణయించుకోవడం పద్యం తెలిసినవారికి కొత్త విద్యలా? 'డూ వాప్' విని చూడండి. మొదటి చరణం ఆడపిల్లలకు హెచ్చరిక, రెండవది మగవారికి. చరణాలు పలుకుతుంది, పల్లవి పాడుతుంది. వక్తా గాయనీ ఒక్కరేనని నమ్మడానికి కొంతసేపు పడుతుంది.

1999 గ్రామీ ఉత్సవంలో ఈ ఆల్బమ్ పుణ్యాన ఆమెకు 5 బహుమతులు వచ్చాయి. ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా ఒక హిప్‌హాప్ రచన నిలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత? 2002లో గిటారు పట్టుకుని పాడిన ఒక ప్రత్యక్ష ప్రదర్శన రికార్డు వచ్చింది. స్టూడియోలో చేసిన రెండవ సొంత ఆల్బమ్ ఇప్పటివరకు రాలేదు. దీన్ని వృథా అయిన ప్రతిభ అని జాలిపడేవారు చాలామంది.

నాకు ఆ జాలి రుచించదు. శ్రోతగా నేను చెల్లించిన వెల ఒక ఆల్బమ్‌కు. ఒక జీవితానికి కాదు. 'టు జయాన్' అన్న పాటలో ఆమె ఈ సంగతి ముందే తేల్చి చెప్పింది. కడుపులో బిడ్డ పడినప్పుడు, వృత్తి గురించి ఆలోచించుకోమని చుట్టూ ఉన్నవారు హితవు చెప్పారు. ఆమె బిడ్డను ఎంచుకుంది. కార్లోస్ సాంతానా గిటారు ఆ పాటకు జోలలా తోడుంటుంది. ఆ పాటకు కన్నీరు పెట్టుకున్న మనమే, మరో ఆల్బమ్ ఏదని నిలదీయడం ఏం న్యాయం?

అయితే ఆమె బాకీ పడలేదని నేననను. ఆ బాకీ వేరొకరికి. ఈ పాటల రచనలోనూ కూర్పులోనూ తమ పాలు ఉన్నదని, తగిన గుర్తింపు దక్కలేదని నలుగురు యువ సంగీతకారులు 1998లోనే న్యాయస్థానానికి వెళ్ళారు. 2001లో వ్యవహారం రాజీతో ముగిసింది. ఎవరి పాలు ఎంతో బయటివారం మనం తేల్చలేము. కానీ సంగీతం గదినిండా మనుషులు కూడి చేసే పని. అట్టమీద ఒక్క పేరే మిగిలినప్పుడు, హాజరు పట్టీలో ఉండవలసిన పేర్లు ఎవరో పిలవకుండా వదిలేశారేమోనన్న అనుమానం మిగిలిపోతుంది. బడిలో తమను లెక్కలోకి తీసుకోలేదన్న బాధే కదా ఈ ఆల్బమ్‌కు ప్రాణం! అందుకే ఈ లోపం నాకు రెండవ ఆల్బమ్ లేని లోటు కన్నా పెద్దదిగా తోస్తుంది. మౌనం కళాకారుడి హక్కు. సాటివారి పేరు చెప్పడం మాత్రం ధర్మం.

ఇంత అన్నాక కూడా, ఇవాళ రాత్రి మళ్ళీ వింటాను. బడిగంట మోగుతుంది, పేర్లు వినబడతాయి, ఆ ఒక్క పేరు దగ్గర నిశ్శబ్దం. ఆ పిల్ల పలకదని తెలుసు. ఈసారి మాత్రం, అసలు పట్టీలోకే ఎక్కని పేర్లను కూడా తలచుకుంటూ వినాలని ఉంది.