టిక్కెట్టు ఫ్రీ అయింది సరే, ఆఖరి పది కిలోమీటర్ల సంగతేంటి?

పండగ సెలవులు ఇచ్చారంటే పిల్లలది ఒకటే గోల, అమ్మమ్మగారింటికి ఎప్పుడెల్తాం అని. హైదరాబాదులో పనికి పోయిన మన దివిసీమ ఆడబిడ్డ ఒక పిల్లాణ్ణి చంకనేసుకుని, ఇంకోదాని చెయ్యి పట్టుకుని, రెండు సంచులతో బయల్దేరుద్ది. విజయవాడలో బస్సు మారాలి. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరాలి. అక్కడ దిగాక నాగాయలంక పోవాలన్నా, కోడూరు పోవాలన్నా ఇంకో పది పన్నెండు కిలోమీటర్లు. పై బస్సు గంట ఆలస్యమై, ఊరి బస్సు ఎల్లిపోయిందనుకోండి. చీకట్లో నిద్రకి తూలే పిల్లలతో ఆటో వాడు ఎంత అడిగితే అంత ఇవ్వాల్సిందే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన పండగ ప్రయాణంలో అసలు కష్టం ఈ ఆఖరి ముక్కే. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఫ్రీ బస్సు వచ్చిందిగా అంటారు. వచ్చింది, మంచిదే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి నడస్తంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్ళకి, ఆడపిల్లలకి, ట్రాన్స్‌జెండర్లకి టిక్కెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే మహాలక్ష్మి ఉంది. కానీ ఏ రాష్ట్రం ఫ్రీ ఆ రాష్ట్రం లోపలే. హైదరాబాదు నుంచి రాత్రికి రాత్రి వచ్చే సూపర్ లగ్జరీకి ఏ ఫ్రీ లేదు. ఇంకో తిరకాసు చూడండి. తల్లి ఫ్రీ, కూతురు ఫ్రీ, ఏడేళ్ళ కొడుక్కి మాత్రం అర టిక్కెట్టు. అయిదేళ్ళ లోపయితేనే వాడికీ లేదు.

రైలెక్కుదామా? గుడివాడకి, బందరుకి రైలుంది. దివిసీమకి లేదు. బందరు నుంచి రేపల్లెకి లైను వెయ్యమని మనోళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతానే ఉన్నారు. పైగా 2016 ఏప్రిల్ 21 నుంచి రైల్వే కొత్త లెక్క పెట్టింది. అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి బెర్తు కావాలంటే పెద్దోళ్ళ ఛార్జీ మొత్తం కట్టాలి. అర టిక్కెట్టు తీసుకుంటే బెర్తు ఇవ్వరు, తల్లి బెర్తు మీదే సర్దుకోవాలి.

అంటే ఇన్నాళ్ళూ మనం మాట్లాడింది అంతా టిక్కెట్టు గురించే. పిల్లలతో వచ్చే తల్లికి టిక్కెట్టు ఒక్కటే కాదు, కూర్చునే సీటు కావాలి, కడిగిన మరుగుదొడ్డి కావాలి, దిగేసరికి ఎదురుగా ఇంకో బస్సు ఉండాలి.

ఆ బస్సు ఎందుకుండదు? డ్రైవర్ చెడ్డోడు కాదు, కండక్టర్ చెడ్డోడు కాదు. దూరం బస్సు టైము దానిది, ఊరి బస్సు టైము దానిది. ఈ రెంటినీ కలిపే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. ఊరి బస్సు ఆగితే దాని డ్యూటీ టైము దాటిపోద్ది. పైనుంచి మాట లేకుండా ఏ డ్రైవరూ ఆపలేడు. కాబట్టి తగువు సిబ్బందితో కాదు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులే. అడగాల్సింది ప్రభుత్వాన్ని.

అడిగేది కూడా పెద్ద కోరికలేం కాదు. పండగకి ముందు అయిదు రోజులు, తర్వాత అయిదు రోజులు అవనిగడ్డలో ఊరి బస్సు విజయవాడ ఆఖరి బస్సు వచ్చేదాకా ఆగాలి. బందరులో, గుడివాడలో కూడా అంతే. చంటిబిడ్డ తల్లికి ముందు సీట్లు ఇవ్వాలి. బస్టాండులో పాలిచ్చే చోటు, తాగే నీళ్ళు, రాత్రి పూట కూడా తాళం వెయ్యని మరుగుదొడ్డి ఉండాలి.

నష్టం వస్తది అంటారు. ఆడోళ్ళకి కొట్టే జీరో టిక్కెట్టు ఉత్త కాగితం కాదు. ఆ డబ్బు ఆర్టీసీకి ప్రభుత్వం కట్టాలి. అందుకే ఫ్రీయే కదా అని టిక్కెట్టు తీసుకోకుండా కూర్చోవద్దని ఇంట్లో ఆడోళ్ళకి చెప్పండి, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోమనండి. మీ రూట్లో ఎంతమంది తిరుగుతున్నారో చెప్పే లెక్క ఆ టిక్కెట్టే. టిక్కెట్టు లేకపోతే జనం లేరని రాసుకుంటారు, తర్వాత ఆ బస్సే తీసేస్తారు.

ఫోను చేతిలో ఉన్న కుర్రాళ్ళు ఈ పండక్కి ఒక పని చెయ్యండి. ఊరికి ఇద్దరు చొప్పున సెంటర్లో కూర్చుని మూడు రాత్రులు రాయండి. పై బస్సు ఎన్నింటికి వచ్చింది, ఊరి బస్సు ఎన్నింటికి ఎల్లింది, పిల్లలతో ఎంతమంది మిగిలిపోయారు, ఆటోకి ఎంత ఇచ్చారు. ఆ కాగితం ఒక కాపీ డిపో మేనేజర్‌కి, ఒక కాపీ సోమవారం బందరు కలెక్టరేట్లో అర్జీగా ఇచ్చి రసీదు తీసుకోండి. స్టేటస్ పెడితే ఇరవై నాలుగు గంటల్లో పోద్ది. రసీదున్న అర్జీకి జవాబు చెప్పి తీరాలి.

అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తా ఉంటది. పిల్లల్ని ఆ గుమ్మం దాకా చేర్చకపోతే, ఫ్రీ బస్సు సగం దారిలో దించేసినట్టే.