పులీ కోతీ ఒకటి కాదు



ఊళ్లకు అలవాటు పడుతున్న అడవి జంతువుల గురించి మీ పత్రికలో వేసిన లేఖ చదివాను. పులినీ చిరుతనీ కోతినీ ఒకే గాటన కట్టేసి, అన్నిటినీ పట్టి అడవిలో వదిలేయమన్నారు ఆ పాఠకులు. తునిలో ఉండేవాడిగా ఒప్పుకోలేను.

2022 మే, జూన్‌లలో మా పక్క ప్రత్తిపాడు, శంఖవరం, రౌతులపూడి మండలాల్లో తిరిగిన పెద్దపులి పశువుల్ని చంపింది. అటవీశాఖ వారు బోన్లు పెట్టి ఎర కట్టినా చిక్కలేదు. చివరికి అనకాపల్లి వైపు తన దారిన తాను పోయింది. అది బాటసారి, అంతే. 2024 సెప్టెంబరులో రాజమండ్రి దివాన్‌చెరువు దగ్గర కనిపించి, కడియం నర్సరీల దాకా వెళ్లిన చిరుత సంగతి వేరు. కుక్కలూ పందులూ దొరికితే చిరుత ఊరి అంచున గుట్టుగా బతికేయగలదు. ముంబయి సంజయ్‌గాంధీ పార్కు చుట్టూ జరుగుతున్నది అదే.

అసలు మనల్ని చదివేసింది కోతి. మా తలుపులమ్మ లోవ గుడి దగ్గర చూడండి. చేతిలో కవరు గలగలమంటే చాలు, చీర కొంగు పట్టుకుంటుంది. కొబ్బరిచిప్ప లాక్కుని, గోడెక్కి, తీరిగ్గా పళ్లతో గీరుకుని తింటుంది. అరటిపళ్లు అలవాటు చేసింది మనమే, పుణ్యమని! ఇప్పుడు ఆ కోతుల్ని లారీకెత్తి మన్యంలో దింపితే అక్కడి గిరిజనుల జీడితోటల మీద పడవా? ముందు కొండ దిగువన చెత్తడబ్బాలకు మూతలు పెట్టించండి, పళ్లు పెట్టడం మాన్పించండి. బోన్ల సంగతి తర్వాత చూద్దాం.

– ఒక పాఠకుడు, తుని