ఉక్కుకు నీళ్లు ఎవరి వాటా నుంచి?

ఢిల్లీలో విద్యుత్తుకు ఒక ఫైలు, నీటికి మరొక ఫైలు. మంత్రిత్వ శాఖలు వేరు, పద్దులు వేరు. ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం ఈ రెండు ఫైళ్లూ చివరకు మహానదిలోనే తేలుతాయి.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయ్ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటి లక్ష్యం ఏటా 10 లక్షల టన్నులు. ఖనిజం దల్లీ రాజహరా నుంచి, విద్యుత్తు కోర్బా నుంచి, నీరు తాండుల కాలువల నుంచి వచ్చాయి. ఎన్నో తెలుగు కుటుంబాలకు కూడా ఆ ఊరు అన్నం పెట్టింది. తాండుల జలాశయం బ్రిటిషు హయాంలో వరి పొలాల కోసం కట్టినది. దేశానికి ఉక్కు అవసరమైన రోజుల్లో అందులో కర్మాగారానికి వాటా ఇవ్వడం తప్పని ఈ రచయిత అనడు. కాని ఉక్కు కరిగేది బొగ్గుతోనే అయినా చల్లారేది నీటితో. ఆ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలకూ నీరే కావాలి. కోర్బా కేంద్రాలు ఆధారపడే హస్‌దేవ్ మహానదికి ఉపనది. తాండుల శివనాథ్‌లోనూ, శివనాథ్ మహానదిలోనూ కలుస్తాయి. భిలాయ్‌లోనే ఎన్.టి.పి.సి., సెయిల్‌ల సంయుక్త సంస్థకు 250 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. మెగావాట్లు పెంచుతామన్న ప్రతి వాగ్దానం వెనుకా బయటికి చెప్పని నీటి పద్దు ఒకటి ఉంటుంది.

ఆ పద్దును చాటుగా రాస్తే ఏమవుతుందో భిలాయ్‌కి చేరువలోనే చూశాము. దుర్గ్ దగ్గరి బోరాయి పారిశ్రామికవాడకు నీరందించే పేరిట, 1998లో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ శివనాథ్ నదిలో సుమారు 23 కిలోమీటర్ల మేర నీటి సరఫరాను రేడియస్ వాటర్ అనే ప్రైవేటు కంపెనీకి 22 ఏళ్లకు ఒప్పగించింది. పరిశ్రమలు నీరు వాడినా వాడకపోయినా కనీస పరిమాణానికి ప్రభుత్వ సంస్థ డబ్బు కట్టాలట! తరతరాలుగా ఆ నీటిపై బ్రతికిన జాలరులకూ రైతులకూ ఒడ్డున ఆంక్షలు ఎదురైనాయి. ఒప్పందాన్ని రద్దు చేయవలసిందిగా ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రభుత్వ లెక్కల సంఘం 2007లో సిఫారసు చేసింది. నదిని గుత్తకిచ్చిన తొమ్మిదేళ్లకు గాని శాసనసభ దాని లెక్క చూడలేదన్నమాట.

2018 సంవత్సరం మరీ విచిత్రం. ఎగువన ఛత్తీస్‌గఢ్ కట్టిన బ్యారేజీలపై ఒడిశా చేసిన ఫిర్యాదు కారణంగా మార్చిలో మహానది ట్రిబ్యునల్ ఏర్పడింది. జూన్ 14న ప్రధానమంత్రి విస్తరించిన భిలాయ్ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. నది మీద తగువు, నదిని తాగే కర్మాగారం మీద ఉత్సవం! రాజ్యాంగం ప్రకారం నీరు రాష్ట్రాల జాబితాలోనిది, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలోనిది. ఎవరు ఎవరిపై నెట్టినా కాగితంపై సాక్ష్యం దొరుకుతుంది.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. విశాఖ ఉక్కుకు ఏలేరు నుంచి 153 కిలోమీటర్ల కాలువ తవ్వవలసి వచ్చింది. ఏలేరు రైతు ఆ కాలువ వంక ఎలా చూస్తాడో తూర్పు గోదావరి పాఠకులకు చెప్పనక్కరలేదు.

1987, 2002 జాతీయ జలవిధానాలు తాగునీటినీ సాగునీటినీ ముందు పెట్టి పరిశ్రమను వెనుక నిలిపాయి. ఆ వరుస అమలులో కనిపించాలంటే, కొత్త ఫర్నేసుకో టర్బైనుకో ఇచ్చే అనుమతి పత్రం మీదనే నీరు ఏ జలాశయం నుంచి, ఏ నెలలో, ఎవరి వాటాలోనుంచి తీస్తారో రాసి సభ ముందుంచాలి. వాన ముఖం చాటేసిన ఏడు మొదట ఏ తూము మూస్తారో కూడా అందులో రాయాలి.