ఫిత్రత్ వేరు, మొగ్గు వేరు

ఎమ్మిగనూరు నుండి ఒక సోదరి తమ కుమారుని ప్రగతి పత్రంలోని ఒక వాక్యాన్ని మాకు వ్రాసి పంపారు. బాలునికి పన్నెండేళ్ళు. అబద్ధమాడే ‘ప్రొక్లివిటీ’ ఇతనిలో ఉందని ఉపాధ్యాయులు ఆంగ్లంలో వ్రాశారు. తండ్రి నిఘంటువు తెరిచి, ‘సహజ ప్రవృత్తి’ అన్న అర్థం చూశారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఇక మారదని తలచి, బడి మాన్పించి ఆదోనిలో బంధువుల పత్తి దుకాణంలో పెడతానంటున్నారట. పద్నాలుగేళ్ళు నిండని బిడ్డను బడి మాన్పించి పనిలో పెట్టడానికి చట్టం ఒప్పుకోదన్న మాట అటుంచి, ముందు ఆ పదం సంగతి చూద్దాం.

లాటిన్‌లో ‘క్లీవుస్’ అంటే వాలు నేల. ముందుకు వాలి ఉండటమే ‘ప్రొక్లివిటీ’. నివేదికల్లో కనిపించే గంభీరమైన మాట ఇది. ఎక్కువగా మెచ్చుకోదగని విషయాలకే వాడతారు. నిఘంటువు తప్పు చెప్పలేదు. అయితే అలవాటు వల్ల ఏర్పడిన మొగ్గుకు కూడా ఆంగ్లేయులు ఇదే పదం వాడతారు. దీని తోటి పదం ‘ప్రొపెన్సిటీ’కి మూలార్థం ముందుకు వ్రేలాడటం, త్రాసులో బరువైన తట్ట క్రిందికి దిగినట్లు. మన ఇళ్ళలోని ఉర్దూ మాట ‘మైలాన్’ కూడా ఒరగడాన్నే చెబుతుంది. ఈ మూడింటిలో ఏదీ పడిపోయాడని చెప్పదు.

‘ఫిత్రత్’ విషయం వేరు. రూమ్ సూరా 30వ ఆయతులో అల్లాహ్ మానవులను ఏ ప్రకృతిపై సృష్టించాడో ఆ ప్రకృతికి వచ్చిన పేరది. ప్రతి శిశువూ ఆ ఫిత్రత్ పైనే పుడుతుందనీ, తరువాత తల్లిదండ్రులే దానిని మరో దారికి మళ్ళిస్తారనీ దైవప్రవక్త (సఅసం) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మరి మనం? బిడ్డ తప్పు చేయగానే ‘ఉస్కీ ఫిత్రత్ హీ ఐసీ హై’ అంటాం. నిర్మలమైన దానికి పెట్టిన పేరును మచ్చకు తగిలిస్తాం. ఆంగ్ల పదాన్ని అపార్థం చేసుకోవడం కంటే ఇదే పెద్ద పొరపాటని మా అభిప్రాయం.

వాలు లేదని మేము అనడం లేదు. నల్లరేగడి చేను వాలుగా ఉంటే రైతు దానికి అడ్డంగా దున్ని, గట్టు వేస్తాడు. గట్టు ఎక్కడ వేయాలో తెలియాలంటే నీరు ఎటు పారుతోందో చూడాలి. అందుకే, బాబు ఎప్పుడెప్పుడు అబద్ధమాడాడో గుర్తు చేసుకుని వ్రాయమని ఆ సోదరిని కోరాము.

జవాబు వచ్చింది. లెక్కల్లో మార్కులు తగ్గిన ప్రతిసారీ. అదీ నాన్న ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమేనట.