సగం ‘హాజ్’.. సగం ‘హావ్’!

సగం పంట ఎండిపోయింది. సగం బోర్లు ఎండిపోయాయి.

ఈ రెండు వాక్యాలూ అనంతపురం పల్లెల్లో ఎవరికీ కొత్త కావు. ‘సగం’ అనే మాట ఒకటే. పంట దగ్గర క్రియ ఏకవచనం, బోర్ల దగ్గర బహువచనం. ఎవరూ తడుముకోరు. అదే సంగతి ఇంగ్లిషులో చెప్పమంటే మాత్రం డిగ్రీ చదివినవాళ్లూ ‘హాజా, హావా’ అని ఆగిపోతారు. పోటీ పరీక్షల్లో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో ఇది తరచూ కనిపించేదే. చిత్రమేమిటంటే అక్కడి సూత్రమూ మనదే. హాఫ్, మోస్ట్, సమ్, ఆల్, సెవెంటీ పర్సెంట్... వీటి తర్వాత ‘ఆఫ్’ వస్తే, దాని పక్కన ఏముందో చూడాలి. ‘హాఫ్ ఆఫ్ ద క్రాప్ హాజ్ డ్రైడ్ అప్’. ‘హాఫ్ ఆఫ్ ద బోర్‌వెల్స్ హావ్ డ్రైడ్ అప్’. వన్, ఈచ్ మాత్రం ఈ గుంపులో చేరవు. వాటిది ఎప్పుడూ ఏకవచనమే.

మరి మనవాళ్లు ఎక్కడ బోల్తా పడతారు? నీళ్ల దగ్గర! నీళ్లు, పాలు, వడ్లు, కందులు తెలుగులో నిత్యబహువచనాలు. ట్యాంకరు నీళ్లు ‘వచ్చాయి’ అంటాం, పాలు ‘విరిగాయి’ అంటాం. ఇంగ్లిషులో వాటర్, మిల్క్ లెక్కపెట్టలేనివి కాబట్టి ఏకవచనం. ‘మోస్ట్ ఆఫ్ ద వాటర్ ఈజ్ సాల్టీ’ అనాల్సిన చోట నాలుక అలవాటుగా ‘ఆర్’ వైపు జారుతుంది. సీమలో ‘చానా’తో ఇంకో చిక్కు. చానా బోర్లు, చానా నీళ్లు.. ఒక్క మాటతో పని జరిగిపోతుంది. ఇంగ్లిషువాడు దాన్ని మెనీ, మచ్ అని రెండుగా చీల్చాడు. (‘చాలా’ అనే కోస్తావాళ్లకూ ఇదే తంటా లెండి.) గండం గడవాలంటే ‘ఎ లాట్ ఆఫ్’ ఉంది. అది రెంటికీ సరిపోతుంది.

బోరు వేయించిన రైతు ‘లక్ష రూపాయలు ఖర్చయింది’ అంటాడు. మొత్తాన్ని ఒక్క ముద్దగా చూస్తాడు కనుక. ఇంగ్లిషూ అంతే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. ‘ఫైవ్ హండ్రెడ్ అండ్ ఫిఫ్టీ మిల్లీమీటర్స్ ఈజ్ ద యావరేజ్’ అనే రాయాలి. అయితే వ్యాకరణంలో ముద్దగా కనిపించే ఆ వాన చేలో అలా ఉండదు. పదును చూసి చెనిక్కాయ విత్తాక, ఊడలు దిగే వేళ మొహం చాటేసి, తీరా పంట పీకేటప్పుడు కురుస్తుంది. సగటు నిండుతుంది, బస్తా నిండదు.

అన్నిటికంటే తిరకాసు ‘నంబర్’ది. ‘ఎ నంబర్ ఆఫ్ బోర్‌వెల్స్ హావ్ ఫెయిల్డ్’ అంటే చాలా బోర్లు విఫలమయ్యాయని. ‘ద నంబర్ ఆఫ్ ఫెయిల్డ్ బోర్‌వెల్స్ హాజ్ ఫాలెన్’ అంటే అలాంటి బోర్ల సంఖ్య తగ్గిందని. ముందున్నది ‘ఎ’నా, ‘ద’నా అన్నదే కీలకం. ఊరి తరఫున అధికారులకు అర్జీ రాసే కుర్రాడు ‘ద నంబర్ ఆఫ్ బోర్‌వెల్స్ హావ్ ఫెయిల్డ్’ అని రాస్తే, విఫలమైంది బోర్లా, సంఖ్యా అని చదివేవాళ్లు తల గోక్కోవాల్సిందే.

ఇక ‘నన్ ఆఫ్ ద బోర్‌వెల్స్’ దగ్గర బెంగ అక్కర్లేదు. హాజ్ అన్నా, హావ్ అన్నా చెల్లుతుంది. ఒక్కదాంట్లోనూ నీళ్లు లేవన్న సంగతి మారదు కదా!