తల తిరిగితే తప్పు మెడదేనా?

తల తిరుగుతోందని నోరు తెరిచి చెప్పేలోపే మన దగ్గర తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు పైత్యం అంటారు, నీరసం అంటారు. మందుల షాపులో బీపీ అంటారు. కాస్త నీరసంగా కనిపిస్తే ఓ సెలైన్ బాటిల్ ఎక్కిస్తారు. పట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే చాలాసార్లు మెడకు ఎక్స్‌రే తీసి, ఎముకలు అరిగాయని చూపించి, మెడపట్టీ పెట్టి, నెలకు సరిపడా మాత్రలు రాసిస్తారు. వీటన్నిటిలో లోతుగా పాతుకుపోయినది మెడ సంగతే. నడివయసు దాటాక తల తిరుగుతోందంటే మెడ అరిగినట్టేననీ, అరిగినది మళ్లీ రాదు కాబట్టి మాత్రలతో నెట్టుకురావడమే మార్గమనీ చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు, పైగా మనుషులకు హాని చేస్తున్న తప్పు. పడుకున్నప్పుడో లేచినప్పుడో ఉన్నట్టుండి ఇల్లంతా గిర్రున తిరిగి కాసేపటికి ఆగిపోయే బాధకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం మెడలో కాదు, లోపలి చెవిలో ఉంది. దాన్ని మంచం మీద చేతులతో పరీక్షించి కనిపెట్టవచ్చు, చాలామందికి అక్కడికక్కడే చేతులతోనే సరిచేయవచ్చు.

లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తాపీమేస్త్రి రసమట్టంలో బుడగ కదలికను చూసి వాలు చెప్పినట్టు, మెదడు ఈ ద్రవం కదలికను బట్టి తల ఎటు తిరిగిందో తెలుసుకుంటుంది. ఆ నాళాల పక్కనే యుట్రికిల్ అనే సంచిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి. వయసు మీదపడటం వల్లనో, తలకు దెబ్బ తగలడం వల్లనో, చాలాసార్లు ఏ కారణమూ కనిపించకుండానో అవి ఊడి నాళంలోకి జారతాయి. వెనుక నాళం అన్నిటికన్నా అడుగున ఉండటంతో ఎక్కువగా అందులోకే చేరతాయి. ఆ తర్వాత పక్క మీద దొర్లినా, అటక మీది డబ్బా కోసం తల ఎత్తినా, అవి కదిలి ద్రవాన్ని నెడతాయి. తల ఆగినా ఇంకా తిరుగుతున్నట్టే మెదడుకు కబురు అందుతుంది. స్ఫటికాలు అడుగుకు చేరగానే, సాధారణంగా నిమిషంలోపే, అంతా సద్దుమణుగుతుంది. వైద్యులు బీపీపీవీ అని పిలిచే జబ్బు ఇదే. నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బరానీ 1921లోనే దీన్ని వర్ణించాడు. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని పట్టుకునే పరీక్షను స్థిరపరిచారు. రోగిని కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, మంచం అంచు దాటి తల కొద్దిగా వాలేలా వెనక్కి పడుకోబెడతారు. స్ఫటికాలు ఆ పక్క వెనుక నాళంలో ఉంటే కొన్ని సెకన్లలో కనుగుడ్లు ఒక ప్రత్యేకమైన తీరులో కొట్టుకుంటాయి. ఈ పరీక్షకు కావలసింది ఒక మంచం, చూసే కళ్లు.

మెడవాదులు ఇక్కడ ఒక మాట అంటారు: తల తిప్పినప్పుడే కదా బాధ వస్తోంది, ఎక్స్‌రేలో అరుగుదల కళ్లెదుట కనిపిస్తోంది కదా అని. యాభై దాటిన వాళ్ల మెడకు ఎక్స్‌రే తీస్తే ఏ బాధా లేనివాళ్లలో కూడా చాలామందికి అరుగుదల కనిపిస్తుంది. తల నెరిసినట్టే అదీ వయసుతో వచ్చేది. రోగిలోనూ ఆరోగ్యవంతుడిలోనూ ఒకేలా కనిపించే గుర్తు దేనికీ సాక్ష్యం కాదు. ఇక తల తిప్పడం సంగతి. పక్క మీద ఒత్తిగిలేటప్పుడు మెడ, మొండెం కలిసే తిరుగుతాయి, మెడకు మెలిక పడదు. అయినా గది తిరుగుతుంది. అదే మనిషి నిటారుగా కూర్చుని కుడికీ ఎడమకూ మెడ తిప్పితే చాలాసార్లు ఏమీ కాదు. భూమ్యాకర్షణ దిశకు తల ఎలా వాలిందన్నదే ఇక్కడ ముఖ్యం. మెడ వల్ల తల తిరగడం అసలే ఉండదని నా వాదన కాదు. అది అరుదు. మిగతా కారణాలన్నీ కావని తేలాక చేరాల్సిన నిర్ణయాన్ని మన దగ్గర మొదటి నిర్ణయం చేసేశారు.

మాత్ర వేసుకుంటే తగ్గింది కదా అన్నది రెండో అభ్యంతరం. ఈ జబ్బు చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, ఆ పేరు మాత్రకు దక్కుతుంది. స్ఫటికాన్ని కదిలించే మాత్ర లేదు. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2017లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ జబ్బుకు తల తిరుగుడును అణిచే మందులు మామూలుగా వాడవద్దని స్పష్టంగా చెప్పింది. వాంతులు ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు వాడటాన్ని ఎవరూ కాదనరు. నెలల తరబడి వాడటమే ప్రమాదం. ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజిన్ లాంటివి పెద్దవాళ్లలో మగతను, తూలుడును పెంచుతాయి. ఎక్కువకాలం వాడితే చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు తెస్తాయి. పడిపోకుండా ఉండటానికి వేసుకున్న మాత్రే పడేసి తుంటి ఎముక విరగ్గొడుతుంది. ఇక బీటాహిస్టిన్ మాత్ర: దాన్ని ఎక్కువగా రాసే మెనియర్స్ అనే మరో చెవి జబ్బులోనే 2016లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు.

అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ పద్ధతి 1992లో ప్రచురితమైంది. అంతకుముందు ఏళ్ల తరబడి తోటి వైద్యులు ఆయన్ను నమ్మలేదు. తల తిప్పితే జబ్బు తగ్గుతుందన్న మాట మరీ తేలిగ్గా అనిపించింది. బాధ ఉన్న చెవి వైపు తల తిప్పి పడుకోబెట్టి, కొంతసేపటికి తలను రెండో వైపు 90 డిగ్రీలు తిప్పి, తర్వాత శరీరాన్నీ అదే వైపు దొర్లించి, చివరకు లేపి కూర్చోబెడతారు. ఒక్కో భంగిమలో అర నిమిషం, నిమిషం. స్ఫటికాలు వచ్చిన దారినే సంచిలోకి జారతాయి. పలు ప్రయోగాలను కలిపి చూసిన 2014 కాక్రేన్ సమీక్షలో ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లలో 21 శాతానికి పూర్తిగా తగ్గితే, ఎప్లీ పద్ధతిలో 56 శాతానికి తగ్గింది. తగ్గనివాళ్లకు మళ్లీ చేయవచ్చు. రద్దీ ఓపీలో అంత తీరిక ఎక్కడిదని అడుగుతారు. ఎక్స్‌రేకు పంపి, ఫిల్మ్ చూసి, మందులు రాసి, నెలకోసారి తిరిగి రమ్మనడానికి పట్టే సమయం కన్నా ఇది తక్కువే. మెడ, వెన్ను నిజంగా గట్టిగా దెబ్బతిన్నవాళ్లకు భంగిమలు మార్చి చేసే వేరే పద్ధతులున్నాయి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం: తల తిరగడం పక్షవాతం వల్లయితే ఎలా అన్నది. ఆ భయం న్యాయమైనదే, కానీ అది మెడ ఎక్స్‌రేతో తీరదు. కారణం తేల్చడానికి, ఎలా తిరుగుతోందన్న ప్రశ్నకు రోగి జవాబు మీద ఆధారపడలేం. 2007 నాటి ఒక అధ్యయనంలో కొద్ది నిమిషాల తేడాతో మళ్లీ అడిగితే దాదాపు సగం మంది జవాబు మార్చారు. ఏం చేస్తే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అన్నవి అడగాలి. తల వాల్చినప్పుడు క్షణాలపాటు వస్తే చెవి వైపు చూడాలి. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడాలి, ఆ మనిషి వేసుకుంటున్న బీపీ మాత్రలనూ చూడాలి. గంటల తరబడి ఆగకుండా తిరుగుతూ, ఊతం లేకుండా నిలబడలేకపోయినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, ముఖమో చెయ్యో వాలిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. అలాంటి చోట కూడా శిక్షణ పొందిన వైద్యుడు కళ్ల కదలికలు చూసి చేసే హింట్స్ పరీక్ష, తొలి రోజుల ఎంఆర్‌ఐ కన్నా బాగా పక్షవాతాన్ని పట్టిందని 2009లో తేలింది.

ఈ జబ్బు మళ్లీ రావచ్చు. కొరియాలో జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో విటమిన్ డి, కాల్షియం తీసుకున్నవాళ్లకు తిరగబెట్టడం సుమారు నాలుగో వంతు తగ్గింది. డి విటమిన్ తక్కువున్నవాళ్లకు ఇది పనికొచ్చే కబురు. చికిత్స తర్వాత రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలన్న పాత నియమం కూడా అక్కర్లేదని ఆ 2017 మార్గదర్శకాలే చెప్పాయి. తల తిరుగుతోందని వచ్చినవాళ్లకు ఇచ్చే చీటీలో మెడ అరుగుదల అన్న మాటకు బదులు ఏ చెవి, ఏ నాళం, ఏ భంగిమలో కళ్లు ఎలా కదిలాయి, ఏ పద్ధతితో సరిచేశారు అన్నవి రాయాలి. మళ్లీ వచ్చినప్పుడు ఇంట్లో ఎలా చేసుకోవాలో రోగికీ, వెంట వచ్చినవాళ్లకూ ఆ మంచం మీదే ఒకసారి చేయించి చూపించి పంపాలి.